రాజన్న కాక తెరిచిన అయిదో పుస్తకం

ఒమాన్‌లోని హమ్రియాలో మా నాయిన పాతికేళ్లకు పైగా అద్దెకున్న రెండు గదుల ఇల్లు మొన్న ఖాళీ చేశాం. ఆ బిల్డింగును కూలగొట్టి కొత్తది కడతారట. నాయిన పోయి రెండేళ్లయినా అమ్మ ఆ ఇల్లు వదలనని మొండికేసింది. చివరికి ఓనరే వదిలించాడు. అమ్మ పనికిరాని డబ్బాలన్నీ దాచి, పనికొచ్చే కాగితాలు పారేసే మనిషి కాబట్టి సామాను సర్దేటప్పుడు దగ్గర ఉండక తప్పలేదు. బీరువా మీదున్న రెక్సిన్ పెట్టెలో, పాత చద్దర్ల కింద, అయిదు బొమ్మల పుస్తకాలు బయటపడ్డాయి. ఎప్పుడో నీళ్లు తాగి ఉబ్బిన అట్టలు, పసుపు తిరిగిన కాగితం. "పారేయాల్నా?" అని అమ్మ అడిగింది. నేను వాటిని నా సంచిలో వేసుకున్నాను. ఇద్దరు పిల్లల తల్లినైనా, ఇన్నేళ్లు గడిచినా, ఆ అయిదో పుస్తకాన్ని ముట్టుకోవడానికి నాకింకా భయమే.

ఇలాంటి పుస్తకాలను మాంగా అంటారని మా పెద్దోడు చెప్పాడు. మామూలుగా ముందు పుస్తకం వస్తుందట, అది బాగా అమ్ముడుపోతే టీవీకి ఎక్కిస్తారట. మా పుస్తకాల సంగతి తలకిందులు. ముందు టీవీలో బొమ్మల సీరియల్ వచ్చి ఊరూరా పేరు తెచ్చుకుంటే, ఆ పేరు చూసి తర్వాత దాన్ని పుస్తకాలుగా గీశారు. ఆ రోజుల్లో మాకు ఈ వివరాలేవీ తెలియవు. జపాన్ వాళ్ల బొమ్మలని కూడా తెలియదు. సాయంత్రం నాలుగింటికి స్కూలు బ్యాగు మూలన పడేసి టీవీ పెడితే అందులో బొమ్మలన్నీ అరబ్బీ మాట్లాడేవి. అదీ బజారు అరబ్బీ కాదు, పుస్తకాల్లో ఉండే అరబ్బీ. నేను ఆ భాష అలాగే పట్టేసి, కింద కిరాణా దుకాణానికి పోయి "ఓ గౌరవనీయుడా, నాకు ఒక రొట్టె అనుగ్రహించు" అన్నంత గొప్పగా ఖుబ్జ్ అడిగేదాన్ని. దుకాణం ముసలాయన పడీపడీ నవ్వేవాడు. అమ్మకు మాత్రం నా అరబ్బీ అంటే లోపల గర్వమే. పక్కింటివాళ్ల ముందు "మా పద్మ తర్జుమా చేస్తది" అని చెప్పుకునేది.

ఆ తర్జుమా అవసరం ఎక్కువగా రాజన్న కాకకు పడేది. ఆయనది మాది పక్కపక్క ఊళ్లు, జగిత్యాల దగ్గర. నాయిన ఘాలా లేబర్ క్యాంపులో కంపెనీ బస్సు నడిపేవాడు. రాజన్న కాక అదే కంపెనీలో తాపీ పని చేసేవాడు, అదే క్యాంపులో ఎనిమిది మంది ఉండే రూమ్‌లో ఉండేవాడు. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి పొద్దున్నే తలంటుకుని, తెల్ల షర్టు వేసుకుని, నాయిన బస్సులోనే మా ఇంటికి వచ్చేవాడు. ఆయన వచ్చాక ఇంట్లో సబ్బు వాసన, అమ్మ నూరే అల్లం వెల్లుల్లి వాసన, కింది అంతస్తు వాళ్లు రాజేసే సాంబ్రాణి వాసన కలిసిపోయేవి. నాకు శుక్రవారమంటే ఇప్పటికీ ఆ కలగలుపు వాసనే. శుక్రవారం పొద్దున వారం రోజుల సీరియల్ అంతా మళ్లీ వేసేవారు. రాజన్న కాక చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను పక్కన కూర్చుని ఎవరేం అన్నారో చెప్పేదాన్ని. అమ్మ యాట మాంసం కూర పొయ్యి మీద పెట్టి మధ్యమధ్యలో వచ్చి నిలబడేది. అన్నం తిన్నాక రాజన్న కాక ఫోన్ కార్డు కొనుక్కుని బూత్‌కు పోయి, ఊళ్లో ఉన్న కూతురు సుజాతకు ఆ వారం కథ చెప్పేవాడు. సుజాతకు నాకంటే రెండేళ్లు తక్కువ. భార్య గంగమణి బీడీలు చేస్తూ, కూతురితో పాటు ఫోన్‌కు చెవి ఆనించి వినేదట.

కథ చెప్పాలంటే చాలా చిన్నది. నూరా అనే పిల్ల సముద్రపు ఒడ్డున దీపస్తంభం దగ్గర తాతతో ఉంటుంది. తల్లి పని కోసం సముద్రం దాటి పోయి మళ్లీ రాలేదు. ఆ పిల్ల ఒక చేపల పడవ ఎక్కి రేవు రేవుకూ పోయి "మా అమ్మను చూశారా" అని అడుగుతుంటుంది. మనవాళ్లంతా ఎందుకంత అతుక్కుపోయి చూసేవారో నాకప్పుడు అర్థం కాలేదు. టీవీలో ఆఖరికి తల్లి దూర ప్రయాణంలో ఉందని, తొందరలోనే వస్తుందని తాత చెప్పాడు. పిల్ల సముద్రం వైపు చూసి నవ్వింది. పాట వచ్చింది, అయిపోయింది. "ఇదేం ముగింపు? మనిషి రానేలేదు" అని రాజన్న కాక నెల రోజులు సణిగాడు.

అలాంటి సమయంలో ఆ పుస్తకాలు దొరికాయి. క్యాంపు పక్కనున్న ఒక గోదాములో నీళ్లు కారి, తడిసిన డబ్బాలు బయట పడేశారు. ఒక డబ్బాలోంచి నూరా ముఖం కనబడితే, రాజన్న కాక అడిగి మరీ అయిదు పుస్తకాలు ఏరుకొచ్చాడు. లోపల ఇంగ్లీషు. పుస్తకాలు మాత్రం అరబ్బీ లాగా కుడి పక్క నుంచి మొదలవుతాయి. మనం పుస్తకం తెరిచే పక్కనుంచి తెరిస్తే ఆఖరి పేజీ వస్తుంది. నాకు రెండు రోజుల్లో అలవాటైంది. ఆయనకు ఎన్ని వారాలైనా కాలేదు. "ఉల్టా పట్టినవ్ కాకా" అని నేను ప్రతిసారీ తిప్పి ఇచ్చేదాన్ని. వారానికొక పుస్తకం చొప్పున నాలుగు వారాల్లో నాలుగు చదివాం. టీవీలో కనబడనివి ఎన్నో వీటిలో ఉన్నాయి.

అయిదో వారం, మంగళవారం మధ్యాహ్నం, ఫోన్ మోగింది. మా ఇంటి నంబరు మా ఊళ్ల వైపు సగం మంది దగ్గర ఉండేది. అవతల గంగమణి వాళ్ల అన్న. లైన్ బాగాలేక నాయిన విన్న ప్రతి మాటనూ తిరిగి గట్టిగా అడిగాడు. అందుకే నాకు ఒక్క ముక్క కూడా దాగలేదు. "మెదడుకు ఎక్కిందా జరం? ఎప్పుడు, పొద్దుగాలనా?" అన్నాడు. చివరికి "తల్లికి బిడ్డతోని నిప్పు పట్టిచ్చిండ్రా" అని, రిసీవర్ పట్టుకునే కింద కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"విన్నవా?"

"విన్న నాయినా."

"ఇగ విననట్టే ఉండు. రాజన్నకు పాస్‌పోర్టు చేతికచ్చి, విమానం ఎక్కే దినం దాక, ఈ ఇంట్లకెల్లి ఒక్క మాట బయటికి పోవద్దు."

గల్ఫ్‌లో ఇది మనవాళ్ల కట్టుబాటు. ఇంటి దగ్గర చావు జరిగితే ఆ మనిషికి తప్ప అందరికీ తెలుస్తుంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటుంది. అది బయటికి రావాలి, సంతకాలు కావాలి, టికెట్ రావాలి. అన్నీ అయ్యాక ఎయిర్‌పోర్టులో "ఇంట్ల కొంచెం పాణం బాగలేదట" అని చెప్పి పంపుతారు. మిగతాది ఊరు చేరాక అక్కడివాళ్లు చెప్తారు. అంతకు ముందు ఏడాది అదే క్యాంపులో ఒకతనికి తండ్రి పోయిన సంగతి ఎవరో ఫోన్‌లో చెప్పేశారు. సెలవు దొరకలేదు. మర్నాడు అతను మామూలుగానే డ్యూటీకి పోయి, మూడో అంతస్తు పరంజా మీద నుంచి అడుగు తప్పి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము దక్కలేదు. అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయింది నాయిన బస్సులోనే. అప్పటి నుంచి నాయినకు ఈ విషయంలో భయం పట్టుకుంది. తెలిసిన ఊరివాళ్ల కబురు ఏది వచ్చినా ముందు తనకే రావాలని, తానే మోయాలని పెట్టుకున్నాడు. కాగితాల పని చూసే ఒమానీ ఆఫీసరును బతిమాలితే శనివారానికి పాస్‌పోర్టు, ఆదివారానికి టికెట్ ఇప్పిస్తానన్నాడు. మధ్యలో శుక్రవారం ఉంది.

ఆ శుక్రవారం గురించే అమ్మకూ నాయినకూ గొడవ. రాజన్న కాకను రావద్దంటే అనుమానపడతాడు, కాబట్టి రావాలి. వస్తే యాట కూర ఉండాలి. అమ్మ ససేమిరా అంది. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు ఉంటుంది గానీ, మా అమ్మ పుట్టింటి పట్టింపు ప్రకారం భార్య పోయినవాడు దినాలు అయ్యేదాకా నీసు ముట్టకూడదు.

"వానికి తెల్వదు గదనే" అన్నాడు నాయిన.

"వానికి తెల్వది. నాకు తెలుసు గద. తెలిసి నా చేతులతోని ఎట్ల వడ్డియ్యాలె? రేపు వానికి తెలిసినంక, వదిన నాకు ఆ దినాలల్ల నీసు పెట్టింది అనుకోడా?"

"పోయిన వారమే కార్జం కూర చెయ్యుమన్నడు. చెయ్యకపోతె అడుగుతడు."

"మొక్కున్నదని చెప్త."

"ఏం మొక్కు?"

"అది నేను చూసుకుంట తియ్యి" అంది అమ్మ. ఆమె అబద్ధం చెప్పడం అస్సలు చేతకాని మనిషి.

నా భయం వేరే. గురువారం స్కూలు నుంచి వచ్చి అయిదో పుస్తకం ముందుగా చదువుకున్నాను. అందులో కథ మొదలవక ముందే నూరా తల్లి చనిపోయింది. తాతకు తెలుసు, రేవులో ప్రతివాడికీ తెలుసు, పిల్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆఖరి పేజీలో ఆ పిల్ల తిరిగొచ్చి, ఎప్పుడూ తాళం వేసి ఉండే గది తలుపు తెరుస్తుంది. గోడకు తల్లి ఫోటో. అరబ్బీలోకి మార్చేటప్పుడు టీవీవాళ్లు దీన్ని కత్తిరించి, ప్రయాణం మాట అతికించారన్నమాట. పదకొండేళ్ల పిల్లను నేను, ఎవరికి చెప్పుకోవాలో తెలియక, పుస్తకాన్ని పరుపు కింద పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. అది లేదంటే రాజన్న కాక అడుగుతాడు. ఉందంటే చదవాలి. చదువుతూ ముగింపు మార్చేద్దామని నిర్ణయించుకుని, మంచం మీద పడుకుని అబద్ధపు ముగింపును పాఠం లాగా బట్టీ పట్టాను.

శుక్రవారం ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. బర్కా తోటల్లో పనిచేసే దోస్తు ఇచ్చాడని ఒక డబ్బా ఖర్జూరాలు అమ్మ చేతిలో పెట్టాడు. "సుజాతకు సుత ఒక డబ్బా పెట్టిచ్చిన వదినా, ఎవరన్న పోయెటోళ్లతోని పంపుత" అన్నాడు. అమ్మ డబ్బా తీసుకుని గబగబా వంటింట్లోకి పోయింది. నాయిన బస్సు బ్యాటరీ సంగతి చూసొస్తానని గడప దాటాడు. నిజానికి ఆఫీసరు ఇంటికి పోతున్నాడు.

"వదినా, కార్జం వాసన అస్తలేదేంది?"

"ఈ వారం నీసు లేదు రాజన్నా. పద్మ పరీచ్చలకు మొక్కిన. పప్పు, పచ్చిపులుసు చేసిన" అంది అమ్మ వంటింట్లోంచే, ముఖం చూపించకుండా.

"అట్లనా" అన్నాడు ఆయన. నా వైపు తిరిగి, "తే పద్మా, ఇయ్యాల ఆఖరుది అయిపోగొడుదాం. సుజాత ఫోన్ల చంపుతున్నది, ఏమైంది ఏమైంది అని" అన్నాడు.

కుడి పక్క నుంచి తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఆఖరి పేజీలను బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులా వినబడింది. పది పేజీలు కాకముందే నోరెండిపోయి, నీళ్లు తాగొస్తానని లేచాను. పుస్తకం మూసి చాప మీద పెట్టి పోయాను. అదే నేను చేసిన పొరపాటు. గ్లాసుతో తిరిగొచ్చేసరికి ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ఎప్పటిలాగే మన పుస్తకం తెరిచినట్టు తెరిచాడు.

గోడకు ఫోటో. దాని ముందు చిన్న గిన్నెలో అన్నం, పక్కన పండ్లు, ఊదుబత్తి పొగ. గడపలో పిల్ల. ఒక పక్కన తల వంచుకుని తాత.

"గిది టీవీల రాలే గదా" అన్నాడు. "ఈమె నూరా తల్లేనా?"

"అది వాళ్ల పండుగ కాకా."

"ఫోటో ముంగట బువ్వ పెట్టి, ఊదుబత్తి ముట్టిచ్చి చేసెడి పండుగనా" అన్నాడు మెల్లగా. మరో పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. వెనక నుంచి ముందుకు పోతున్నాడు. అక్షరం చదవకపోయినా బొమ్మల్లో ముఖాలు ఆయనకు బాగా తెలుస్తాయి. "ముసలాయినకు ముందుగాలనే ఎర్క. ఊరోళ్లకు ఎర్క. ఈ పిల్లకే తెల్వది."

నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన వంటింటి వైపు చూశాడు.

"పద్మా, మీ అమ్మ నీ పరీచ్చలకు ఎన్నడన్న నీసు బంద్ పెట్టిందా?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"బుధారంసంది రూమోళ్లు నా మొకం చూస్తలేరు. సైట్ల నన్ను పైకి ఎక్కనిస్తలేరు, ఇసుక జల్లెడ పట్టుమంటున్నరు. నేను ఇంకేందో అనుకున్న." ఆయన గొంతు తగ్గింది. "మా ఇంట్ల ఎవరన్న పోయిండ్రా బిడ్డా?"

నేను కింద చాప వైపు చూశాను. నాయిన మాట గుర్తుంది. పళ్లు బిగబట్టి ఉన్నాను. ఇంకొక్క నిమిషం అలా ఉండగలిగితే గెలిచేదాన్నేమో. కానీ ఆయన నా మౌనాన్ని చూసి, పెదవులు కదిలీ కదలకుండా అడిగాడు.

"సుజాతనా?"

ఆ ముఖాన్ని నేను మరచిపోలేను. ఆయన అలా అనుకుంటూ రెండు రోజులు బతకాలా? ఆ ఒక్క మాట నావల్ల కాలేదు.

"సుజాత మంచిగున్నది కాకా" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. ఆ జోడించిన చేతులు అక్కడే ఆగిపోయాయి. నేనేం చేశానో ఆయనకూ నాకూ ఒకేసారి తెలిసింది.

"అయితె గంగమణి" అన్నాడు.

వంటింట్లో కుక్కర్ కూస్తోంది. ఆయన ఏడవలేదు. చాప అంచు పోచలు ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు. "సుజాతకు ఎర్కనా?" అని అడిగితే తల ఊపాను. "నాకంటె ముందు దానికే తెలిసింది. ఒక్కతే మోస్తున్నది నా బిడ్డ" అన్నాడు. కాసేపటికి తువ్వాలతో ముఖం తుడుచుకుని నా వైపు వంగాడు.

"నువ్వు నాకేం చెప్పలే. నేనేం అడుగలే. మీ నాయినకు ఈ ముచ్చట తెల్వద్దు. నాకోసమే తిరుగుతుండు గద, మంగళారంసంది నిద్ర పోయినట్టు లేడు మనిషి. నాకు ఎర్కైందంటే ఆయన పాణం ఇంకింత కొట్టుకుంటది. ఇన్నవా?"

నాయిన వచ్చాక అందరం కూర్చుని తిన్నాం. రాజన్న కాక పచ్చిపులుసు బాగుందన్నాడు. పప్పు మళ్లీ వేయించుకున్నాడు. నాయిన, ఊళ్లో వానలకు ఫోన్లు పనిచేయడం లేదట అంటే, "ఔనా, అయితె వచ్చే వారం చేస్త" అన్నాడు. నాయిన బస్సు ఆయన్ని ఎక్కించుకుని సందు మలుపు తిరిగింది. ఇప్పుడు పరంజా భయం మొత్తం నాది. ఆయనకు తెలుసని తెలిసింది ఈ లోకంలో నాకొక్కదానికే. నాయినకు చెప్తే మాట తప్పినట్టు. చెప్పకపోతే, రేపు ఆయన ఎలాగో పైకెక్కి పడితే, చంపింది నేనే. శనివారం స్కూల్లో ప్రతి పీరియడ్‌లోనూ తలుపు వైపే చూశాను, ఎవరో వచ్చి నన్ను పిలుస్తారని. లెక్కల టీచర్ నన్ను లేపి నిలబెట్టి, ఒళ్లు బాగాలేదేమోనని మళ్లీ కూర్చోబెట్టింది. సాయంత్రం నాయిన పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వచ్చి "మంచిగనే ఉన్నడు, డ్యూటీ చేసిండు" అన్నాక బాత్రూమ్‌లోకి పోయి వాంతి చేసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు నేనూ వస్తానని పట్టుబట్టాను. లోపలికి పోయే ముందు నాయిన ఆయన భుజం మీద చెయ్యేసి, మంగళవారం నుంచి లోపల తిప్పుకుంటున్న మాట బయటికి తీశాడు. "రాజన్నా, ఇంటామెకు జరంత పాణం బాగలేదట. ఎందుకైన మంచిదని ఛుట్టీ ఇప్పిచ్చిన. భయపడెటిదేం లేదు."

"ఔనా అన్నా" అన్నాడు రాజన్న కాక. ముఖంలో సరిగ్గా ఎంత కంగారు ఉండాలో అంతే ఉంది. "దవాఖానల ఉన్నదా?"

"ఆ, దవాఖానల్నే."

"మంచిగైతదంటున్నరా?"

నాయిన మాట మింగాడు. "ఐతది" అన్నాడు. రాజన్న కాక ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "నీకు నాతోని మస్తు తిప్పలైంది. ఇగ ఫికర్ చెయ్యకు, నేను మంచిగ పోత" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, నా కళ్లలోకి చూడకుండా లోపలికి పోయాడు. మంచిగానే పోయాడు. మళ్లీ ఒమాన్ రాలేదు. ఊళ్లోనే తాపీ పని చేసుకుంటూ సుజాతను పెంచాడు. ఆ పిల్లకు పెళ్లై పిల్లలున్నారు.

ఇప్పుడు ఎవరికి ఏది దాచగలం? పోయిన నెల మా ఆయన పనిచేసే సైట్‌లో నిజామాబాద్ కుర్రాడొకడు మధ్యాహ్నం అన్నం విప్పుకుని, ఫోన్ తెరిస్తే, మేనమామ స్టేటస్‌లో తండ్రి ఫోటోకు దండ కనబడింది. చుట్టూ ఉన్న పదిమందికీ అతని అరుపు తర్వాతే సంగతి తెలిసింది. ఈ పద్ధతే నయమని కొందరంటారు, మనిషి చావును మనిషికి చెప్పకుండా ఆపే హక్కు ఎవరికుందని. నిజమే కావచ్చు. ఆ పాత పద్ధతిలో నేను నలిగిపోయాను, నా పిల్లల మీద అలాంటి బరువు చచ్చినా పెట్టను. కానీ ఆ కుర్రాడి పక్కన ఆ నిమిషంలో, ముందుగా తెలిసి, ఏం చేయాలో ఆలోచించి పెట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు. మా రోజుల్లో మనిషి చుట్టూ అబద్ధం ఉండేది, ఆ అబద్ధం నిండా మనుషులుండేవారు. రెండింటిలో ఏది మేలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాయిన రిటైరయ్యాక, ఇంటికి ఎవరొచ్చినా ఆ సంగతి చెప్పేవాడు. పాస్‌పోర్టు ఎలా తెచ్చాడో, ఆఫీసరు కాళ్లు ఎలా పట్టుకున్నాడో అన్నీ చెప్పి, "నా జిందగీల నేను మంచిగ చేసిన పని అదొక్కటే. ఏం తెల్వకుండ రాజన్నను ఇంటికి చేర్చిన" అనేవాడు. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో మాట సరిగా రానప్పుడు కూడా, పక్క మంచం వాళ్లబ్బాయికి అదే చెప్పుకొచ్చి, సాక్ష్యం కోసం నా వైపు తిరిగాడు.

"నువ్వు సుత ఉన్నవు గద బిడ్డా. వానికి ఏమన్న అనుమానమొచ్చిందా?"

"ఏం రాలే నాయినా. ఆయనకు ఏం తెల్వది" అన్నాను.